ఉలిపిరికాయ ఏ పక్క

స్టూడియోమ్మకి మనుషులంటే గిట్టదు. గిట్టకపోతే పోనీ, ఆమె బతుకుతెరువంతా మనుషుల మొహాలతోనే. బీచ్ రోడ్డు మొదట్లో, తాళాలాయన కొట్టు పక్కన, చిన్న ఫొటో స్టూడియో ఆమెది. పద్దెనిమిదేళ్లుగా నీలం తెర ముందు జనాన్ని కూర్చోబెట్టి, "గడ్డం దించండి, ఇంకొంచెం, అబ్బా అంత కాదు, మెడ ఎక్కడికి పోయింది?" అని గదమాయిస్తూ పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తోంది.

ఫొటో తీయడం అర నిమిషం పని. ఆ మొహాన్ని కంప్యూటర్లో పెట్టి నలుగురికీ చూపించేలా తయారు చేయడం అరగంట పని. పుట్టుమచ్చలు తుడిచేస్తుంది. కళ్ల కింద సంచులు ఎత్తేస్తుంది. వంకర మూతులు తిన్నగా లాగుతుంది. రెండో గడ్డం ఉంటే మొదటిదాంట్లో కలిపేస్తుంది. అడిగినవాళ్లకీ చేస్తుంది, అడగనివాళ్లకీ చేస్తుంది. పని అయిపోగానే అసలు ఫొటోని చెరిపేస్తుంది. "బాగుచేసింది ఉండగా పాడుది దాచుకోవడం ఎందుకండీ, ఎవరిని భయపెట్టడానికి?" అంటుంది మొగుడితో. మొగుడు కెమెరా భుజాన వేసుకుని పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ ఊళ్లు తిరుగుతాడు. అతను మోసుకొచ్చిన మొహాల్ని కూడా ఈమే కడిగి ఆరేస్తుంది.

స్టూడియోకి ముందువైపంతా అద్దం. ఆ అద్దంలోంచి రోడ్డు, రోడ్డు అవతల నడిచే గట్టు, గట్టు అవతల ఇసుక, ఇసుక అవతల సముద్రం కనిపిస్తాయి. సముద్రం వంక ఆమె ఎప్పుడూ చూడదు, దానికి మొహం లేదు కనుక. చూసేది జనాన్ని. మధ్యాహ్నం దాటితే చాలు, ఇళ్లల్లో గాలి అయిపోయినట్టు ఊరంతా ఇక్కడికే దిగబడుతుంది. ఐస్‌క్రీమ్ కొట్టు ముందు మాత్రమే పరిగెత్తే వ్యాయామవీరుడు ఒకడు ఉన్నాడు. కొట్టు దాటితే నడక, మలుపు తిరిగితే బైకు. సముద్రం చూడ్డానికని వచ్చి, సముద్రానికి వీపు పెట్టి గంటసేపు తమ ఫొటోలు తామే తీసుకునే సంసారాలకు లెక్కే లేదు. కుక్కని షికారుకి తెచ్చానని అనుకునే లావుపాటి ఆవిడ ఉంది. ఇద్దరిలో ఎవరు ఎవరిని లాక్కొస్తున్నారో చూసేవాళ్లకి తెలుసు. ఆ జంటలో కుక్క మొహమే నయమని స్టూడియోమ్మ అభిప్రాయం.

అందరిలోకీ ఆమెకి ఒళ్లుమండేది చప్పట్లాయన్ని చూస్తే. తెల్ల బనియను, మోకాళ్ల దాకా నిక్కరు, అరవై ఏళ్ల వయసు. రక్తం బాగా ఆడుతుందని ఎవరో చెప్పారట, నడిచినంతసేపూ రెండు చేతులూ బారజాపి ఫట్ ఫట్‌మని చప్పట్లు కొడుతూ పోతాడు. రోజూ సరిగ్గా ఐదింటికి స్టూడియో ముందుకి రాగానే చప్పట్లు ఆపి, చెయ్యెత్తి ఊపి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతాడు. గట్టు మీద అంత చోటుండగా ఇటుపక్కకొచ్చి మరీ నవ్వుతాడు.

"టికెట్ లేదు," అనేవాడు గుమ్మంలో కూర్చున్న మావయ్య.

మావయ్య అంటే ఆమె మొగుడి తండ్రి. ముప్ఫై నాలుగేళ్లు రైళ్లలో టికెట్ కలెక్టరుగా చేశాడు. ఉద్యోగం అయిపోయింది గానీ తనిఖీ అయిపోలేదు. టికెట్లకి చిల్లు పెట్టే ఇనప పంచ్ ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది. స్టూడియో గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చేపోయే జనాన్ని కిందినుంచి మీదాకా చూసి తీర్పు చెప్పేవాడు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని పోయే అమ్మాయికి "టికెట్ లేదు." ఫోనులో లక్షల మాట మాట్లాడుతూ చిరిగిన చెప్పులతో నడిచేవాడికి "జనరల్ టికెట్, ఎక్కింది ఫస్ట్ క్లాసు." ఎప్పుడో నెలకొకసారి ఎవరైనా నచ్చితే ఏమీ అనడు. జేబులోంచి పంచ్ తీసి గాల్లో ఒకసారి టక్కుమనిపిస్తాడు. అంటే ఆ మనిషి నిజమైనవాడని అర్థం. స్టూడియోమ్మకి ఈ లోకంలో మాట కలిసేది ఆ ముసలాయనొక్కడితోనే. లోపల ఈమె, గుమ్మంలో ఆయన, మధ్యలో నలిగిపోయే ఊరు.

ఆయనకి ఒకే ఒక్క ఇబ్బంది. మతిమరుపు ముదిరింది. పోయిన నెలలో ఒకరోజు చెప్పులతో సహా సముద్రంలోకి మోకాలు లోతు నడిచి, "ప్లాట్‌ఫారం మీదకి నీళ్లొచ్చాయి, స్టేషన్ మాస్టర్ని పిలవండి" అని కేకలు వేశాడు. గట్టు మీద ఈల పట్టుకుని కాపలా కాసేవాడు వెళ్లి లాక్కొచ్చాడు. అప్పట్నుంచీ ఆయన్ని ఒక్క క్షణం వదలొద్దని మొగుడు ఒట్టు వేయించుకున్నాడు.

ఆయన మొహం కూడా చెప్పుకోవాలి. ముక్కు పక్కన మిరియం గింజంత ఉలిపిరికాయ. ఎడమ కనుబొమ్మ మీద, రైలు తలుపు వచ్చి కొడితే పడిన గాటు. ఆ దెబ్బకే ఎడమ కంటి రెప్ప సగానికి వాలిపోయి ఉంటుంది. రెండు నెలల కిందట పింఛను కార్డుకి ఫొటో కావాల్సొస్తే స్టూడియోమ్మ ఆయన్ని నీలం తెర ముందు కూర్చోబెట్టింది. సొంత మావయ్య కదా అని ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసింది. ఉలిపిరికాయ తీసేసింది. గాటు పూడ్చేసింది. బాగున్న కుడి కన్నుని కాపీ చేసి, తిప్పి, ఎడమ కన్ను మీద అతికించింది. జుట్టుకి నలుపు, బుగ్గలకి కండ. ఆ ఫొటో ఎంత బాగా కుదిరిందంటే పెద్దది చేసి, ఫ్రేము కట్టి, షో అద్దంలో పెట్టింది. "ఆ తాతగారిలా తీయండి" అని అడుగుతూ జనం లోపలికొచ్చేవాళ్లు. ఆ తాతగారు సరిగ్గా ఆ ఫొటో కిందే కుర్చీలో కూర్చుని ఉండేవాడు, ఒక్కడూ పోల్చుకోలేదు. "కళ్లున్న కబోదులు!" అనుకుని స్టూడియోమ్మ మురిసిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండింటప్పుడు టై కట్టుకున్న ఒక పెద్దమనిషి ఫొటో కోసం గుమ్మం ఎక్కబోయాడు. మావయ్య అతన్ని పైకీ కిందకీ చూసి, వీధి వీధంతా వినపడేలా, "టికెట్ లేదు! టై చూసి మోసపోకండి!" అన్నాడు. పెద్దమనిషి మొహం మాడ్చుకుని వెనక్కి తిరిగాడు. పొద్దుట్నుంచీ అలా తిరిగిపోయినవాళ్లలో మూడోవాడతను.

స్టూడియోమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మావయ్యా, మీ నోటికి తాళం వేయించమంటారా? పక్కనే ఉన్నాడు తాళాలాయన. అయినా ఆ మాటలదాకా ఎందుకు, గుమ్మంలో మీ మొహం చూశాక లోపలికి అడుగు పెట్టేదెవరు?"

ముసలాయన చెయ్యెత్తి తన మొహం తడుముకున్నాడు. ముక్కు పక్కన ఒకసారి, కనుబొమ్మ మీద ఒకసారి. తర్వాత ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె అది చూసింది. చూసి కంప్యూటర్ వైపు తిరిగింది. మాటలు మరిచిపోతాడు కదా, ఇదీ మరిచిపోతాడులే అనుకుంది. ఆయన మరిచిపోయేది మాటల్ని, అవమానాల్ని కాదని ఆమెకి తెలుసు. తెలిసీ అలా అనుకుంది.

ఆ తర్వాత ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి గడ్డాలు రెండింటినీ ఒకటి చేసేసరికి నలభై నిమిషాలు పట్టింది. వాళ్లని సాగనంపుతూ చూస్తే గుమ్మంలో కుర్చీ ఖాళీగా ఉంది.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి రోడ్డు దాటి ఇసుకలోకి పరిగెత్తింది. నీళ్లలో పిల్లలూ, పిల్లలకన్నా పెద్దగా అరిచే పెద్దలూ ఉన్నారు గానీ ముసలాయన లేడు. ఈల పట్టుకున్నవాడిని అడిగింది. వీడు పోయిన నెలవాడు కాదు, కొత్తవాడు.

"నేనెవర్నీ చూళ్లేదండీ. కానీ తొందరగా వెతుక్కోండి. ఐదున్నర దాటితే పోటు వస్తుంది. ఆ చివర రాళ్ల దగ్గరైతే నీళ్లు ఒక్కసారిగా పైకొచ్చేస్తాయి."

టైము చూసుకుంటే మూడు దాటింది. స్టూడియోకి పరిగెత్తుకొచ్చి మొగుడికి ఫోన్ చేసింది. అతను మూడు గంటల ప్రయాణమంత దూరంలో ఎవరిదో పెళ్లిలో ఉన్నాడు.

"ఒట్టేశావు కదే," అన్నాడు. తర్వాత, "బయల్దేరుతున్నా," అన్నాడు.

పోలీసులకి ఫోన్ చేస్తే ఫొటో పంపమన్నారు. ఆమె దగ్గర ఫొటోకి కొదవా? ఫ్రేము కట్టిన ఆ ఫొటోనే పంపింది. దాన్నే నలభై కాగితాల మీద కొట్టింది. పైన "తప్పిపోయారు" అనీ, కింద తన ఫోన్ నంబరూ. ప్రింటరు ఒక్కో కాగితాన్నీ కక్కుతుంటే గుండె కొట్టుకుంటున్నా సరే, రంగులు బాగా వచ్చాయని మనసులో ఒక మూల అనుకుంది. అలాంటి మనిషి.

ఆ కాగితాలు పట్టుకుని గట్టు పొడుగునా నడిచింది. స్తంభాలకి అంటించింది. ఎదురొచ్చిన ప్రతివాడికీ చూపించింది. పద్దెనిమిదేళ్లుగా అద్దంలోంచి ఎకసెక్కం చేసిన మొహాలన్నిటి ముందూ చెయ్యి చాపాల్సొచ్చింది. కుక్క ఆవిడ కాగితం తీసుకుని జాలిగా చూసి, "ఎంత అందంగా ఉన్నారండీ, ఇలాంటాయన్ని చూస్తే మరిచిపోతామా, చూళ్లేదు" అంది. పరుగువీరుడు చెవుల్లో పాటలు తీయకుండానే తల అడ్డంగా ఊపాడు. ఫొటోలు తీసుకుంటున్న ఒక సంసారం, ఆ కాగితాన్ని తీసుకోకపోగా, "కొంచెం మా అందరిదీ ఒకటి తీసి పెడతారా?" అని ఫోను ఆమె చేతిలో పెట్టబోయింది.

"మీ మొహాలు తీస్తే ఫోను పాడైపోతుంది," అని ముందుకు నడిచింది. ఏడుపొచ్చింది గానీ ఆ జనం ముందు ఏడవడం ఆమె వల్ల కాలేదు. ఇంత గుంపులో ఒక్కడికైనా కళ్లుండవా? కళ్లజోళ్లున్నాయి, కళ్లు లేవు. పొద్దస్తమానం ఒకళ్లనొకళ్లు చూసుకోవడానికే ఇక్కడికొస్తారు, తీరా చూసిందేమిటని అడిగితే నోరు వెళ్లబెడతారు.

గట్టు చివర, నల్లరాళ్లు మొదలయ్యేచోట, వేరుశనగల బండి ఉంది. బండికి గొడుగు, గొడుగు కింద పొగ, పొగ వెనకాల ఒక ముసలమ్మ. ఇంత దూరం స్టూడియోమ్మ ఎప్పుడూ రాలేదు, ఆ ముసలమ్మని ఎరగదు. కాగితం చూపించింది.

"ఈయన్నా? లేదమ్మా. ఇంత కళ ఉన్నాయన ఇటొస్తే గుర్తుండకపోతుందా."

"ఇవి పెట్టుకో అవ్వా. వచ్చేపోయేవాళ్లకి చూపించు," అని ఓ పదికాగితాలు ఆమె చేతిలో పెట్టి, రాళ్ల మీదికి తొంగి చూసింది. కింద నీళ్లు అప్పుడే నురుగు కక్కుతున్నాయి. ఆయన పేరు పెట్టి పిలవాలని నోరు తెరిచింది. మావయ్యని పేరు పెట్టి పిలిచిన అలవాటు లేదు. "మావయ్యా!" అని అరిచింది. నలుగురైదుగురు మావయ్యలు వెనక్కి తిరిగి చూశారు.

స్టూడియోకి తిరిగొచ్చేసరికి నాలుగున్నర దాటింది. భోజనానికని కొట్టు మూసి ఇంటికెళ్లిన తాళాలాయన అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. అద్దానికి అంటించిన కాగితం చూసి దగ్గరికొచ్చాడు. దాన్ని ఊడదీసి ముక్కుకి ఆనించుకుని చదివాడు. తాళాలాయన అంటే ఆరేళ్లుగా రోజూ మావయ్య పక్కన కూర్చుని టీ తాగే మనిషి.

"అయ్యో పాపం. మీ షో అద్దంలో ఫొటో ఈయనదే కదా, ఎవరమ్మా ఈయన?" అన్నాడు.

స్టూడియోమ్మ అతని మొహం వంక చూసింది. వెటకారం చేస్తున్నాడేమో అనుకుంది. కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"మా మావయ్య."

"మీ మావయ్యగారి తమ్ముడా? ఎప్పుడొచ్చారు ఊర్నించి?"

"తమ్ముడేంటి? మావయ్యే! నీ పక్కన రోజూ కూర్చునే మావయ్య! మధ్యాహ్నం నుంచీ కనిపించట్లేదు!"

తాళాలాయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు. కుర్చీ వంక చూశాడు. మళ్లీ కాగితం వంక చూశాడు.

"ఏమోనమ్మా," అన్నాడు మెల్లగా. "ఈ ఫొటో పట్టుకుని వెతికితే ఆయన నా ఎదురుగా నిలబడ్డా నేను దాటుకుని పోతాను."

ఆ మాట తగలాల్సినచోటే తగిలింది. ఆమె మావయ్య కుర్చీలోనే కూలబడింది. గంటన్నరగా ఊరందరికీ చూపించి వెతకమన్నది, ఈ భూమ్మీద లేని మనిషిని. ఊరికి కళ్లు లేవని తిట్టుకుంది. కళ్లున్నాయి. వాళ్లు చూసి చెప్పిందంతా నిజమే.

లేచి కంప్యూటర్లో అసలు ఫొటో కోసం వెతికింది. అది ఆ రోజే చెరిపేసింది. ఇంట్లో వాళ్ల ఫొటోలు వెతికింది. కొడుకు పెళ్లినాటి మావయ్య, షష్టిపూర్తి వయసు మావయ్య, కిందటేడాది మావయ్య, అందరికీ నున్నటి ముక్కూ రెండు సమానమైన కళ్లూ. అన్నీ తన చేతి పనే. ఇంట్లో ఒక్క నిజమైన మొహం మిగల్చలేదు. చచ్చినాక గోడకి తగిలించుకునేందుకైనా ఆయనది ఒక్క ఫొటో లేదని ఆమెకి అప్పుడు తట్టింది.

ఫొటోల వెనకాల పేర్లు రాసే నల్ల మార్కరు తీసింది. మిగిలిన కాగితాలు బల్ల మీద పరిచింది. ఉలిపిరికాయ పెట్టాలి. మార్కరు మూత తీసి ముక్కు దగ్గరికి తెచ్చి, ఆగిపోయింది.

ఏ పక్క?

కళ్లు మూసుకుంది. పద్నాలుగేళ్లుగా రోజూ అన్నం వడ్డించిన మొహం. ఎంత గింజుకున్నా, ఫ్రేములోని నున్నటి మొహమే కళ్ల ముందుకొస్తోంది. మొగుడికి ఫోన్ చేసింది. బస్సులో ఉన్నాడు.

"ఏవండీ, మీ నాన్నగారి ఉలిపిరికాయ ఏ పక్కండీ?"

అటుపక్క బస్సు చప్పుడులో మొగుడు తడబడ్డాడు.

"కుడి... కాదు, ఆగు. ఎడమ అనుకుంటా," అన్నాడు. "ఎడమేనా?"

తాళాలాయన కూడా తన ముక్కుకి అటోసారి ఇటోసారి వేలు పెట్టుకుని చూసుకుని, "పక్కన కూర్చుంటాను కదమ్మా, ఎదురుగా ఎప్పుడు చూశాను?" అన్నాడు.

అప్పుడు ఫట్ ఫట్‌మని చప్పట్లు వినిపించాయి. ఐదయింది.

చప్పట్లాయన ఎప్పటిలాగే స్టూడియో ముందుకొచ్చి చప్పట్లు ఆపి, చెయ్యెత్తాడు. కుర్చీ ఖాళీగా కనపడేసరికి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"పెద్దాయన ఏరండీ ఇవాళ? ఒంట్లో బాగాలేదా?"

రోజూ ఆ మనిషి మొహం మీదే తలుపేసుకునే స్టూడియోమ్మ ఇప్పుడు మార్కరు చేతిలో పట్టుకుని మెట్లు దిగి వెళ్లింది.

"తప్పిపోయారు. మీరు ఆయన్ని రోజూ చూస్తారు కదా. ఆయన ముక్కు పక్కన ఉలిపిరికాయ ఏ పక్కో గుర్తుందా?"

చప్పట్లాయన ఎందుకని అడగలేదు. కాగితం తీసుకుని, గోడకి ఆనించి, తడుముకోకుండా వేలు పెట్టాడు.

"ఇదిగో, ఇక్కడ. ఇక్కడ గాటు, కనుబొమ్మని రెండు ముక్కలు చేసినట్టు. ఈ కన్ను సగం మూసి ఉంటుంది." కాస్త సిగ్గుపడ్డాడు. "మొదట్లో ఆయన నాకు కన్ను కొడుతున్నారనుకున్నానండీ. మా ఆవిడ పోయిన కొత్త. ఊళ్లో నన్ను చూసి పలకరించే దిక్కు లేదు. ఈయనొక్కడే రోజూ కన్ను కొట్టి ఏదో అంటుండేవారు. ఏమంటారో దూరానికి వినపడేది కాదు. అందుకే గట్టు వదిలి ఇటుపక్కకొస్తుంటా."

ఆయన ఏమంటాడో స్టూడియోమ్మకి తెలుసు. చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. వంచిన తల ఎత్తకుండా, అతను వేలు పెట్టినచోట ఉలిపిరికాయ పెట్టింది, గాటు గీసింది, తను అంత ముచ్చటగా అతికించిన కంటి మీద నల్లగా రెప్ప దించింది. జుట్టు మీద తెల్ల సిరా పూసింది. ఒక్కో కాగితం మీదా మావయ్య తిరిగొచ్చాడు. బొమ్మ వికారంగా ఉంది. తాళాలాయన చూసి, "ఆఁ, ఈయనే!" అని ఎగిరి గంతేశాడు.

ముగ్గురూ మూడు దిక్కులకి వెళ్దామనుకున్నారు గానీ, మొదటి కాగితానికే పని అయిపోయింది. కుక్క ఆవిడ ఇంటికెళ్తూ అటుగా వచ్చి, కాగితం మీద కన్ను పడగానే ఆగిపోయింది.

"ఈయనా! ఇందాక నన్ను చూసి 'కుక్కకి ఉంది, నీకు లేదు' అని తిట్టాడండీ ఈ ముసలాయన. ఏం లేదో చెప్పలేదు. రాళ్ల దగ్గర వేరుశనగల బండి వెనకాల కూర్చున్నాడు."

స్టూడియోమ్మ పరిగెత్తింది. వెనకాల చప్పట్లాయన. ఏళ్ల తరబడి చప్పట్లు కొట్టినందుకు ఆయన రక్తం నిజంగానే బాగా ఆడుతున్నట్టుంది, సగం దూరంలో ఆమెని దాటేసి ముందుకెళ్లిపోయాడు. గట్టు అంచున నీళ్లు అప్పటికే రాళ్ల మీదికి ఎగజిమ్ముతున్నాయి.

బండి వెనకాల, గొడుగు నీడలో, బోర్లించిన బక్కెట్టు మీద మావయ్య దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఇందాక ఆమె నిలబడి అడిగినచోటికి నాలుగడుగుల దూరం. మధ్యలో బండి, పొగ అడ్డం, 'మావయ్యా' అన్న పిలుపు తనకని ఆయనకి తట్టలేదు, అంతే. చెప్పులు తడిసి ఉన్నాయి. నీళ్లలోకి దిగి వెనక్కొచ్చాడో, నీళ్లే ఆయన దాకా వచ్చాయో ఎవరికీ తెలియదు.

"ఇక్కడే పెట్టుకుని లేరంటావా?" అని అవ్వ మీద విరుచుకుపడింది స్టూడియోమ్మ.

"నామీద ఎగరకు తల్లీ," అంది అవ్వ పెనం మీద గరిటె ఆడిస్తూనే. "నువ్విచ్చిన బొమ్మలో ఉన్నాయన వేరు, నా బక్కెట్టు మీద కూర్చున్నాయన వేరు. ఈయన మధ్యాహ్నం నుంచీ నా బేరాలన్నీ తనిఖీ చేస్తున్నాడు. జనం ఆ తిట్లు వినడానికే ఆగుతున్నారు. ఇంకాసేపు ఉండనీ."

ఆమె ఇచ్చిన పదికాగితాలూ పొట్లాలైపోయాయి. మావయ్య చేతిలోనూ ఒక పొట్లం ఉంది. పప్పులు తినేసి, కాగితాన్ని మోకాలి మీద సాపు చేసుకుని చూస్తున్నాడు. కోడల్ని చూసి గుర్తుపట్టాడో లేదో, మాట కలిపే మనిషి దొరికినందుకు మొహం వికసించింది.

"అమ్మాయ్, చూశావా వీణ్ణి? ఎవడో తప్పిపోయాడట. తప్పిపోతే పోయాడు, ఎవరికి నష్టం? ఆ మొహం చూడు, ఒక్క దెబ్బ తగిలిన మొహమేనా అది? ముప్ఫై ఏళ్లు బండెక్కి దిగినవాడి మొహం అలా ఉంటుందా?" వేలితో ఆ కాగితానికి ఒక్కటిచ్చాడు. "టికెట్ లేదు!"

పద్దెనిమిదేళ్ల పనికి అది తీర్పు. స్టూడియోమ్మ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుంది. జనం చూస్తున్నారు. చూస్తే చూశారు, ఏడ్చింది. ముక్కు చీదుకుని, తన చేతిలో నలిగిన కాగితాన్ని, నల్ల మార్కరుతో పాడుచేసినదాన్ని, ఆయన ఒళ్లో పెట్టింది.

"మరి ఈయన సంగతి చూడండి మావయ్యా."

మావయ్య దాన్ని చాలాసేపు చూశాడు. ఉలిపిరికాయ మీద వేలు పెట్టాడు. ఆ వేలే తన ముక్కు మీదికి తెచ్చుకున్నాడు. కుడిపక్క. స్టూడియోమ్మ కూడా అప్పుడే సరిగ్గా చూసింది.

"ఈయన్ని ఎక్కడో చూశాను," అన్నాడు. "ఎక్కడని అడక్కు. రాత్రి బండిలో అయ్యుంటుంది. కానీ ఈయన మనవాడే."

జేబులోంచి పంచ్ తీశాడు. కాగితం మూల దోపి, టక్కుమనిపించాడు. తలెత్తి, రొప్పుతూ నిలబడ్డ చప్పట్లాయన్ని చూశాడు. సగం వాలిన ఆ కన్ను అతని మీద కాసేపు నిలిచింది. చప్పట్లాయన పళ్లన్నీ బయటపెట్టి చెయ్యెత్తాడు. మావయ్య ఏమీ అనలేదు. పంచ్ ఇంకోసారి, గాల్లో, టక్కుమంది.

మర్నాటి నుంచీ మావయ్య గుమ్మంలో కుర్చీలో, ఎప్పటిలాగే. స్టూడియోమ్మకి మనుషులంటే ప్రేమ పుట్టుకొచ్చిందనుకోకండి. జనం అలాగే ఉన్నారు, ఆమె నోరూ అలాగే ఉంది. షో అద్దంలో మాత్రం ఫ్రేము అదే, లోపల ఫొటో మారింది. మూలన చిల్లు పడి, నల్ల గీతలతో ఉన్న కాగితం అందులో పెట్టింది. దాన్ని చూసి మొహం చిట్లించుకుంటూ ఒకావిడ లోపలికొచ్చి, నీలం తెర ముందు కూర్చుని, బుగ్గ మీద పెద్ద పుట్టుమచ్చని చూపించింది.

"ఇది తీసేస్తారు కదండీ?"

"తీయను," అంది స్టూడియోమ్మ కెమెరా సర్దుకుంటూ. "ఉంచుకోండి. రేపు మీరు తప్పిపోతే పనికొస్తుంది."